మా అమ్మాయి గైడు, మేం పరాయివాళ్ళం

టూరుకి బయల్దేరాల్సిన వేళకి హోటల్ గదిలో రైస్ కుక్కర్ ఇంకా ఉడుకుతూనే ఉంది. పులిహోర కలపందే గది దాటేది లేదని ప్లేనో వదిన భీష్మించుకు కూర్చుంది. బోస్టన్ నడిబొడ్డున అడుగడుక్కీ తిండి దొరుకుతుందని చెప్పి చూశాను. "దొరుకుతది వదినా, తిననీకి ఉండాలె కదా" అంది. ఆవిడ భర్త, మా ఆయనకి ఇంజనీరింగ్ రోజుల రూమ్మేటు, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, కింద లాబీలో ఊరికే ఇచ్చే కాఫీ ఇంకో కప్పు తెచ్చుకోవడానికి వెళ్ళారు. మా ఆయన షూ లేసులు కట్టడం, నచ్చక విప్పడం, మళ్ళీ కట్టడం. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిజానికి మేం బోస్టన్ వచ్చింది ఊరు చూడటానికి కాదు. ప్లేనో వాళ్ళ అబ్బాయి అక్కడి శివారులో ఇల్లు కొన్నాడు. మర్నాడు పొద్దున్నే గృహప్రవేశం. పాలు పొంగించకుండా కొత్తింట్లో పడుకోకూడదు కాబట్టి వాళ్ళు టెక్సస్‌లోని ప్లేనో నుంచి, మేం కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి వచ్చి ఒకే హోటల్లో పక్కపక్క గదుల్లో దిగాం. మధ్యలో ఈ టూరు మా అమ్మాయి పుణ్యం.

మా అమ్మాయి ఆ ఊళ్ళోనే కాలేజీలో చదువుతోంది. కంప్యూటర్ సైన్స్‌లో చేరి, మాకు ఫోన్‌లో ఒక ముక్క చెప్పి, చరిత్రకి మారిపోయింది. ఆ దెబ్బకి మా ఇంట్లో ఏడాది పాటు భోజనాల దగ్గర ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరికి మా ఆయన ఎవరెవరినో పట్టుకుని రెడ్‌మండ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వేసవి ఇంటర్న్‌షిప్ సంపాదించి పెట్టాడు. అదేమో ఇక్కడ ఒక చిన్న టూరు కంపెనీలో గైడు ఉద్యోగం చూసుకుంది. అమెరికా విప్లవకాలం నాటి బట్టలు వేసుకుని, జనాన్ని వెంటబెట్టుకుని, ఆనాటి పార్కూ చర్చీ సమాధులూ చూపిస్తూ కథ చెప్పే పని. ముందు ఒక ట్రయల్ టూరు చెయ్యాలి. అది నచ్చితే ఉద్యోగం. ఉద్యోగం వస్తే ఇక్కడే ఉంటుంది, చరిత్రే చదువుకుంటుంది. రాకపోతే రెడ్‌మండ్ వెళ్తుంది, మేజర్ సబ్జెక్టు సంగతి మళ్ళీ మొదటి నుంచీ మాట్లాడుకోవాలి. ఇదీ తండ్రీకూతుళ్ళ ఒప్పందం. ఇద్దరి మధ్యా నలిగేదాన్ని నేను.

తీరా ట్రయల్‌కి బుక్ చేసుకున్నవాళ్ళు చాలినంతమంది లేరట. వాయిదా పడితే ఈలోగా వేసవి ఉద్యోగాలు నిండిపోతాయి. అందుకని తనే ఫోన్ చేసింది.

"మీ ఫోర్ పీపుల్ బుక్ చేసుకుని రండమ్మా. బట్ నేను మీకు తెలీదు. ఓకే?"

"తెలీకపోవడం ఏమిటే?"

"మేనేజర్ గ్రూప్‌లోనే వాక్ చేస్తుంది. ఎండ్‌లో అందర్నీ అడుగుతుంది, గైడ్ ఎలా ఉంది అని. ఫ్యామిలీ అయితే కౌంట్ చెయ్యరు. సో ప్లీజ్, స్ట్రేంజర్స్ లాగా ఉండండి. ముఖ్యంగా ఆంటీకి చెప్పు."

ఆంటీకి చెప్పాను. ఒకసారి కాదు, గది తాళం వేసేటప్పుడు, లిఫ్ట్‌లో, ట్రైన్‌లో కూడా చెప్పాను. "నాకేమన్న తెలివి లేదా వదినా" అని నొచ్చుకుంది. నా ఉద్యోగం కుదురుకోని రోజుల్లో రెండు వేసవులు మా పిల్లని ప్లేనోలో తన దగ్గరే ఉంచుకుని సాకిన మనిషి. ఆవిణ్ణి పరాయిదానిలా ఉండమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఒక్క పూట కదా, నోరు కట్టుకోలేమా అనుకున్నాను.

పార్కులో మెట్ల దగ్గర నిలబడి ఉంది మా అమ్మాయి. పాదాల దాకా బూడిదరంగు లంగా, మీద ఏప్రన్, నెత్తిన కుచ్చుల తెల్ల టోపీ. చుట్టూ ఒహాయో నుంచి వచ్చిన ముసలి దంపతులు, నలుగురు కాలేజీ పిల్లలు, వాన కోటు వేసుకున్న ఒక నెరిసిన జుట్టావిడ. ఆవిడే మేనేజర్ అని చూడగానే తెలిసిపోయింది. మిగతా అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆవిడ ఒక్కతే మనుషుల్ని చూస్తోంది.

"అయ్యో, బక్కగయింది పిల్ల" అంది వదిన. మెల్లగానే అన్నానని తర్వాత వాదించింది. ఒహాయో ముసలాయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. నేను వదిన మోచెయ్యి గిల్లాను.

మా అమ్మాయి మొదలుపెట్టింది. ఇంగ్లండు రాజుగారి సైనికులు ఈ పచ్చిక మీదే గుడారాలు వేసుకున్నారనీ, ఊరి ఆవులు వాళ్ళ మధ్యే గడ్డి మేశాయనీ చెప్పి, "ఆ సైనికుల్ని చూసి ఊరివాళ్ళకి మొదట ఏమనిపించి ఉంటుంది?" అని అడిగింది. అడిగి ఆగింది. గైడ్లు అలా ఆగేది జనం ఆలోచించాలని. అన్నయ్యగారు చెయ్యెత్తి జవాబు చెప్పేశారు. తర్వాతి ప్రశ్నకీ చెప్పారు. ఆ తర్వాతి దానికీ. రాత్రి కూర్చుని యూట్యూబ్‌లో ఉన్న బోస్టన్ అంతా చూశారట, పిల్లకి ఎవరూ జవాబు చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటుందని. చివరికి కథ ఓడరేవు వైపు తిరిగి, మా అమ్మాయి గొంతు తగ్గించి, "అప్పుడు వాళ్ళు ఆ తేయాకు పెట్టెల్ని" అంటుండగానే, "సముద్రంలో పారేశారు" అన్నారు ఈయన. కాలేజీ పిల్లలు నవ్వారు. మా అమ్మాయి ముఖం మీది చిరునవ్వు కదల్లేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"అన్నయ్యగారూ, మీరు మాట్లాడకండి" అన్నాను పక్కకి చేరి.

"హెల్ప్ చేస్తున్న కదమ్మా. ఆడియన్స్ ఎంగేజ్‌మెంట్ ఉండాలె. నేను మా టీమ్‌కి ఇదే చెప్త."

మా ఆయనైనా బుద్ధిగా ఉంటాడనుకున్నాను. ఉన్నాడు, రోడ్డు వచ్చేదాకా. ఫుట్‌పాత్ మీద దారి చూపించే ఎర్ర ఇటుకల గీత ఒకటి ఊరంతా పరుచుకుని ఉంటుంది. అది రోడ్డు దాటినప్పుడల్లా మేమూ దాటాలి. మొదటి రోడ్డు దగ్గరే మా ఆయన గబగబా అందరికంటే ముందుకెళ్ళి, నడిరోడ్డు మీద నిలబడి, వస్తున్న కార్లకి చెయ్యి అడ్డం పెట్టి, గైడుని దాటమని తల ఊపాడు. కిండర్‌గార్టెన్‌కి తీసుకెళ్ళిన రోజుల్లో ఎలా చేసేవాడో అచ్చం అలాగే. గైడు తలవంచుకుని దాటింది. మేనేజరావిడ మా ఆయన్ని పరీక్షగా చూసింది. తను ఏం చేశాడో ఆ మహానుభావుడికి తెలియదు. ఇంకో రోడ్డు వచ్చింది, మళ్ళీ అదే.

ఇక సమాధుల తోట. విప్లవంలో పేరు మోసిన పెద్దమనుషులు కొందరు అక్కడ ఉన్నారు. ఇనుప కంచె, రాతి గేటు, లోపల చెట్ల కింద పలకల్లాంటి నల్లటి సమాధి రాళ్ళు. టూరు మొత్తానికి ఇదే పెద్ద ఘట్టమని మా అమ్మాయి ముందే చెప్పింది. గేటు దగ్గరికొచ్చి అందరినీ లోపలికి రమ్మని చెయ్యి చూపించింది. అందరూ కదిలారు. వదిన కదల్లేదు.

"వదినా, రండి."

"ఏడికి?"

"లోపలికి."

"రేపు గృహప్రవేశం పెట్టుకొని ఇయ్యాల బొందలగడ్డల కాలు పెడతనా? నీకేమన్న అయిందా?"

"రెండొందల ఏళ్ళు దాటిన సమాధులు వదినా, మ్యూజియం లాంటిది."

"పాతదైతే బొందలగడ్డ కాకపోతదా?"

అన్నయ్యగారు కూడా గేటు ఇవతలే ఆగిపోయారు, రేపు పీటల మీద కూర్చునే కొడుక్కి తండ్రి కదా. మా ఆయన ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నా వంక చూశాడు. మా వెనక వచ్చినవాళ్ళకి దారి లేదు. ఒహాయో ముసలావిడ "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా" అని ఆరా తీస్తోంది. మేనేజరావిడ చేతులు కట్టుకుని నిలబడింది. నాకు ఆ క్షణాన వదిన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా పిల్ల ఏడాదిగా ఎదురుచూసిన రోజిది, ఈవిడ మైల దగ్గర ఆగిపోయింది.

మా అమ్మాయి వెనక్కి వచ్చింది. వదిన ముఖం చూసింది. రేపటి గృహప్రవేశం గుర్తొచ్చినట్టుంది. లోపలికి వెళ్ళినవాళ్ళని కంచె పక్కకి రమ్మని, తను గేటు రాతికి ఆనుకుని నిలబడి, లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ సమానంగా వినిపించేలా గొంతు పెంచి అక్కడి నుంచే చెప్పడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్ళలో శుభకార్యానికి ముందు చనిపోయినవాళ్ళ చోటికి వెళ్ళరనీ, ఆ మర్యాద ఇక్కడ నిద్రపోతున్నవాళ్ళకి కూడా అర్థమై ఉండేదనీ ఒక్క మాటలో అనేసి కథలోకి వెళ్ళిపోయింది. ముసలావిడ "ఓ" అని వదిన వంక గౌరవంగా చూసింది. వదిన కొంగు సర్దుకుంది. నేను మాత్రం పంతానికి లోపలికి వెళ్ళాను, మా ఆయన్ని కూడా లాక్కెళ్ళాను. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా.

"సాయంత్రం తలస్నానం చేసినంకనే నా పూజ సామాన్లు ముట్టుకోవాలె" అంది వదిన నేను బయటికి రాగానే.

అక్కడితో అయిపోలేదు. కాసేపు నడిచాక సంచిలోంచి స్టీలు ఫ్లాస్క్ తీసి, నేను పట్టుకునేలోపే ముందుకెళ్ళి మా అమ్మాయి చేతిలో పెట్టింది. "మజ్జిగ. గొంతు ఎండిపోతున్నది." తెలుగులోనే.

మా అమ్మాయి ఒక్క లిప్త తడబడి, ఫ్లాస్క్ వెనక్కి ఇచ్చేసి, ఇంగ్లీషులో, "థాంక్యూ మ్యామ్, అయామ్ గుడ్" అంది.

వదిన నా పక్కకి వచ్చి నడిచింది. "మ్యామ్ అంటదా నన్ను?" అంది. ఒక వీధి దాటాక మళ్ళీ అంది. కళ్ళల్లో నీళ్ళు. తెలియనట్టు ఉండాలని మనమే ఒప్పుకున్నాం కదా వదినా అంటే, "ఒప్పుకున్న. కానీ అంత మంచిగ అంటదనుకోలె" అంది. ఓదార్చాలో తిట్టాలో తెలియక ఫ్లాస్క్ తీసుకుని మజ్జిగ నేనే తాగేశాను.

పాత సభామందిరం దగ్గర మాత్రం నేనెవర్నీ తిట్టుకోలేదు. తేయాకు మీద పన్ను గొడవ ముదిరిన రోజుల్లో ఊరంతా అక్కడ గుమిగూడిందనీ, లోపల చోటు చాలక జనం వీధిలో నిలబడ్డారనీ మా అమ్మాయి చెప్పింది. లోపల ఎవరేం మాట్లాడారో పుస్తకాల్లో దొరుకుతుంది, బయట చలిలో నిలబడ్డవాళ్ళు ఏం విన్నారో ఎక్కడా దొరకదు అంది. వాళ్ళకి ఒక్క మాటా సరిగ్గా వినిపించి ఉండదు, ముందున్నవాడు చెబితే వెనకవాడు నమ్మి ఉంటాడు, అయినా ఇళ్ళకి పోలేదు, నాకు వాళ్ళ గురించి తెలుసుకోవాలని ఉంటుంది అంది. చేతులు తిప్పలేదు, గొంతు మార్చలేదు. కాలేజీ పిల్లలు ఫోన్లు దించారు. అన్నయ్యగారు జవాబు చెప్పడం మర్చిపోయారు. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఏడాదిపాటు మా ఇంట్లో ఏ చదువు గురించి గొడవపడ్డామో అది నాకు అప్పుడు కనిపించింది.

టూరు పాత మార్కెట్ ముందు ముగిసింది. చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కాస్త అవతల నిలబడి టోపీ రిబ్బన్ సర్దుకుంటోంది. మేనేజరావిడ ఒక్కొక్కరినీ పలకరిస్తూ మా ఆయన దగ్గరికి వచ్చింది. పక్కనే ఉన్న ఒహాయో ముసలాయన, "అద్భుతమైన పిల్ల, కదండీ" అన్నాడు.

మా ఆయన చిరునవ్వు నవ్వాడు. నాకు ఆ నవ్వు తెలుసు. స్కూల్లో టీచర్లు మెచ్చుకున్నప్పుడు, పెళ్ళిళ్ళలో చుట్టాలు మెచ్చుకున్నప్పుడు నవ్వే నవ్వు. వద్దు, వద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

"నో, నో, అంత ఏం లేదు" అన్నాడు ఇంగ్లీషులో. "చాలా నేర్చుకోవాలి. స్పీడ్ ఎక్కువ. పుస్తకాల్లో ఉన్నది చెబుతుంది, అంతే. ప్రాక్టికల్ నాలెడ్జ్ లేదు."

మేనేజరావిడ కనుబొమ్మలు పైకి లేచాయి. నేను మా ఆయన కాలు తొక్కాను. "ఏంటి?" అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకి. కన్నబిడ్డని నలుగురిలో ఎవరైనా పొగిడితే వెంటనే రెండు మెట్లు కిందికి దించెయ్యాలి, లేకపోతే దిష్టి, లేకపోతే గర్వం. పరాయివాడిలా నటించమంటే రోజంతా కష్టపడ్డాడు, చివర్లో మెచ్చుకోలు వినబడగానే తండ్రి అయిపోయాడు. మా ఇంట్లో అందరం ఇంతే. ఆ పిల్ల స్టేట్ లెవెల్ డిబేట్‌లో కప్పు తెచ్చిన రోజు నేను మా పక్కింటావిడతో అన్న మాట, "ఏదో లెండి, పోటీ పెద్దగా లేదట."

మేనేజరావిడ నా వైపు తిరిగింది. "మీకెలా అనిపించింది?"

నాకు కోపం, భయం, రెండూ. మా ఆయన పాడుచేసింది నేను సరిచెయ్యాలి. నోరు తెరిచాను. "ఏదో" అనే మాట నాలుక చివర కూర్చుని ఉంది. దాన్ని మింగేసి చెప్పాను. చాలా బాగా చెప్పిందని చెప్పాను. ఆ గేటు దగ్గర ఎవరినీ చిన్నబుచ్చకుండా నడిపించిందనీ, వీధిలో నిలబడ్డవాళ్ళ గురించి ఆలోచించే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదనీ, చరిత్ర చదవడానికే పుట్టిందనీ చెప్పాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు.

ఆవిడ నా ముఖంలోకి చూస్తూ, "మీకు తను బంధువు కాదు కదా?" అంది.

మా అమ్మాయి వింటోంది. రిబ్బన్ మీది వేళ్ళు ఆగిపోయాయి.

"కాదు" అన్నాను.

సాయంత్రం హోటల్లో తలస్నానం చేసి, తడి జుట్టుతో వదిన గదిలో మామిడాకులు తోరణానికి గుచ్చుతూ కూర్చున్నాను. మా అమ్మాయి మామూలు బట్టల్లో వచ్చింది. రాగానే వదినని వెనక నుంచి కావలించుకుని "సారీ ఆంటీ" అంది. వదిన అలక ఆ మాత్రానికే కరిగిపోయింది. ఇంతలో ఫోన్ మోగింది. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఉద్యోగం వచ్చింది.

"హమ్మయ్య, నేను చెప్పింది పనికొచ్చింది" అన్నాను.

"లేదమ్మా. ఆవిడకి ఫస్ట్ స్టాప్‌లోనే తెలిసిపోయింది, మీరు నా ఫ్యామిలీ అని. నాన్న ట్రాఫిక్ ఆపినప్పుడు కన్ఫర్మ్ అయిందంట. మీ ఫోర్ ఒపీనియన్స్ తీసుకోలేదు. గేట్ దగ్గర నేను చేసింది నచ్చిందంట."

అంటే నేను పొద్దుటి నుంచి పడ్డ హైరానా అంతా దండగ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మాయి నా పక్కన కింద కూర్చుని ఒక మామిడాకు తీసుకుంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది.

"నువ్వు ఆవిడతో చెప్పింది ట్రూ నా? ఆర్, జాబ్ కోసమా?"

"నిజమే. కాకపోతే స్పీడ్ కొంచెం" అన్నాను. అనేశాను.

అది కోప్పడలేదు. నవ్వింది. "నేను నీకు ఏమీ కానట్టు ఉన్నప్పుడే కదమ్మా, నువ్వు నా గురించి మంచిగా చెప్పావు. ట్వంటీ ఇయర్స్‌లో ఫస్ట్ టైమ్ విన్నాను."

సూది నా వేలికి గుచ్చుకుంది. తోరణం పక్కన పెట్టి లేచాను. మా ఆయనా అన్నయ్యగారూ పక్క గదిలో టీవీ చూస్తున్నారు. తలుపు తీసి ఇద్దరినీ పిలిచాను. వచ్చారు. వదిన గరిటె పట్టుకుని తిరిగి చూసింది.

"నా కూతురు ఇవాళ చాలా బాగా చెప్పింది" అన్నాను. "నాకు చాలా గర్వంగా ఉంది. ఇది చరిత్రే చదువుతుంది."

మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. వదిన ముందు తేరుకుంది. "గట్ల నోరిడిసి అంటరా వదినా" అని నన్ను కసిరి, గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి పిల్ల చుట్టూ తిప్పింది. కాలిస్తే ఫైర్ అలారం మోగుతుందని కుళాయి కింద కడిగేసింది. మా అమ్మాయి కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది.

మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నేను ఆ మేనేజరావిడకి చెప్పిందీ అదే కదా" అన్నాడు.